గాలికి మూడు తాళాలు

గోరుచిక్కుళ్ళకు పీచు తీస్తున్నాం, వదినా నేనూ. సోమవారం పొద్దున్న పూట. పెరట్లో నూతి గట్టు దగ్గర మా అన్నయ్య గౌరునాయుడు అటు తిరిగి నిలబడి పెదవులు కదుపుతున్నాడు. ఒక్కో మాటకూ ఒక్కో వేలు మడుస్తున్నాడు. నాలుగో వేలి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి, తల గోక్కుని, మళ్ళీ మొదటి వేలికి వెళ్తున్నాడు.

“మీ అన్నియ్యకి నాలుగోది ఈయేళ కూడా రాలేదు,” అంది ఝాన్సీ వదిన.

“పెద్దక్షరమో చిన్నక్షరమో అనుమానం వచ్చుంటుంది వదినా.”

“పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో ఆ మనిషి ఇంత శ్రద్ధగా చదవడం ఇదే చూడ్డం.”

“ఏటా గుసగుసలు?” అన్నయ్య ఇటు తిరక్కుండానే అరిచాడు. “నాకు కలిసిపోతన్నాయి. ఆ పీచేదో లోపలికెల్లి తీసుకోండి.”

చేటలు పట్టుకుని లోపలికి వెళ్ళాం. అన్నయ్య చదువుతున్నది మా పంచాయతీ ఆఫీసు వైఫై పాస్‌వర్డులో మూడో వంతు.

మా చినగెడ్డవలస రెండు కొండల మధ్య ఉంటుంది. ఎండా వానా వస్తాయి కానీ ఫోను సిగ్నలు రాదు. ఎవరికైనా ఫోను చెయ్యాలంటే బస్సెక్కి కొండ మలుపు దాటాలి. ఆ ఇబ్బంది చూసి ప్రభుత్వం వారు నెల రోజుల కిందట పంచాయతీ ఆఫీసుకు తీగ లాగి, గోడకు ఒక తెల్ల పెట్టె బిగించారు. పప్పుల డబ్బా మూతంత ఉంటుంది. నేను అక్కడ కాంట్రాక్టు మీద కంప్యూటరు ఆపరేటర్ని కాబట్టి, బిగించినాయన దాని సంగతులన్నీ నాకు చెప్పి వెళ్ళాడు. ఎన్‌క్రిప్షన్ అంటే గాలిలో పోయే మాటలను పెట్టె కలగాపులగం చేసి పంపుతుందని, పాస్‌వర్డు తెలిసిన ఫోన్లోనే అవి మళ్ళీ మాటలవుతాయని చెప్పాడు. పాత రకం కాకుండా కొత్త రకం ఎంచుకోవాలి. పెట్టెకు గట్టి పాస్‌వర్డు పెట్టాలి. బయటివాళ్ళ కోసం అతిథి దారి వేరుగా పెట్టాలి. అంతా కలిపి అయిదు నిమిషాల పని.

ఆ అయిదు నిమిషాల పని నేను మొదలుపెట్టబోతే కార్యదర్శి పరశురామ్ గారు వారించారు.

“ఆపరేటర్ గారూ, ప్రభుత్వ ఆస్తి విషయంలో స్వతంత్రించరాదు. మార్గదర్శకాలు రావాలి.”

మార్గదర్శకాలు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ పెట్టెకు పాస్‌వర్డు లేదు. మిరప ఆకు ముడుచుకుపోతుంటే ఫోటో తీసి మందు అడిగేవాళ్ళు, వాన ఎప్పుడో చూసుకునేవాళ్ళు, ఏమీ చూడకుండా పక్కవాడి ఫోనులోకి తొంగిచూసేవాళ్ళు, అందరూ ఆఫీసు చూరు కిందే ఉండేవారు. అప్పుడే ఒక మధ్యాహ్నం వదిన వచ్చి నా పక్కన కూర్చుని నర్సు ట్రైనింగుకు దరఖాస్తు పెట్టింది. ఆమె పెళ్ళికి ముందు ఇంటరు పాసయింది. వయసు పరిమితి ఈ ఏటితో దాటిపోతుంది. “పెట్టుకో, సూద్దాం,” అన్నాడు అన్నయ్య. వస్తే చూద్దాం అని ఆయన భావం.

పన్నెండో రోజు సర్క్యులర్ వచ్చింది. పాస్‌వర్డు పన్నెండు అక్షరాలకు తగ్గరాదు. ఎక్కడా రాసిపెట్టరాదు. అనధికార వ్యక్తులకు తెలియరాదు. అధికార వ్యక్తులు ఎవరన్నది అనుబంధం రెండులో చూడవలెను. అనుబంధం రెండు జత చేసి లేదు.

పరశురామ్ గారు కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, కవరులో చెయ్యి పెట్టి చూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

“అనుబంధం అందేవరకు అధికార వ్యక్తులు ఎవరూ లేనట్టే. కాబట్టి ఈ పాస్‌వర్డు ఎవరికీ తెలియరాదు.”

“ఎవరికీ తెలియకపోతే ఎలా వాడతాం సార్?”

“అదే ఇక్కడ పరిశీలించవలసిన అంశం,” అన్నారాయన.

ఆ అంశాన్ని తేల్చినాయన సర్పంచి తవిటినాయుడు చిన్నాన్న. “ఇందులో తల బద్దలు కొట్టుకోడానికేటున్నాది? నూకాలమ్మ హుండీ ఎలగ తీస్తన్నాం?” అన్నాడు.

మా ఊరి అమ్మవారి హుండీకి మూడు తాళాలు. ఒక తాళంచెవి సర్పంచి దగ్గర, ఒకటి పూజారి దగ్గర, ఒకటి కింద వీధి పెద్ద దగ్గర ఉంటాయి. ముగ్గురూ వస్తే గానీ మూత లేవదు. ఒక్కరికే తెలిసింది ఏదీ లేదు కాబట్టి ఒకరినొకరు అనుమానించుకునే పని లేదు. అరవై ఏళ్ళుగా ఈ ఏర్పాటు చక్కగా నడుస్తోంది. పన్నెండు అక్షరాలను ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి నాలుగు. పాస్‌వర్డు ఎవరికీ తెలియదు, అందరికీ తెలుసు.

“హుండీ ఏడాదికి ఒక్కసారి తీస్తాం చిన్నాన్నా. ఇది రోజూ తియ్యాలి కదా,” అన్నాను.

“అలవాటయిపోతాదమ్మీ.”

మొదటి నాలుగక్షరాలు సర్పంచివి. పూజారి స్థానంలో నడిమి నాలుగూ కార్యదర్శివి. చివరి నాలుగూ కింద వీధికి రావాలి. కింద వీధి వార్డు మెంబరు మా అన్నయ్య.

అన్నయ్యకు ఆ రోజు వరకూ ఎవరూ రహస్యం చెప్పలేదు. గౌరునాయుడికి పొద్దున్న చెబితే సాయంత్రానికి కిళ్ళీ కొట్టు దాకా వెళ్తుందని ఊళ్ళో పేరు. అలాంటి మనిషి చేతిలో ప్రభుత్వమే ఒక రహస్యం పెట్టింది. ఆ రోజు ఇంటికి వచ్చి భోజనం కూడా తలుపు వైపు చూస్తూ తిన్నాడు. వదిన నీళ్ళ చెంబు పెట్టి “ఏటి పెట్టావు నాలుగూ?” అని నవ్వుతూ అడిగితే, చెంబు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

రోజూ పది గంటలకు తంతు మొదలయ్యేది. కంప్యూటరు నడిపేదాన్ని నేను కాబట్టి మొదట నన్ను గదిలోంచి బయటికి పంపేవారు. తర్వాత ఒకరు అక్షరాలు కొడుతుంటే మిగిలిన ఇద్దరూ గోడ వైపు తిరిగి నిలబడేవారు. ముగ్గురి పనీ అయ్యాక నన్ను పిలిచి పంచనామా టైపు చేయించేవారు. “మేము ముగ్గురము ఈ దినము సదరు గదిలో సమావేశమై, ఒకరు అక్షరములు కొట్టుచుండగా తక్కిన ఇద్దరము గోడను తప్ప మరేమియు చూడలేదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాము.”

ఒకసారి కొట్టిన పాస్‌వర్డును కంప్యూటరు తనంతట తానే గుర్తు పెట్టుకుంటుందని, రోజూ కొట్టక్కరలేదని నేను చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. పరశురామ్ గారు కళ్ళజోడు తీసి కంప్యూటరు వైపు చాలాసేపు చూశారు.

“పన్నెండు అక్షరాలూ ఒక్కచోట తెలిసి ఉన్నది దీనికే అన్నమాట. దీనికి అధికారం ఎవరిచ్చారు?”

“ఎవరూ ఇవ్వలేదు సార్.”

“సాయంత్రం అయిదు గంటలకల్లా మరిచిపోవాలి. మరిచిపోయినట్టు మీరు సర్టిఫికెట్టు ఇవ్వాలి.”

అప్పటినుంచి రోజూ సాయంత్రం కంప్యూటరు చేత మరిపించి, “యంత్రమునకు ఏమియు గుర్తులేదు” అని సంతకం పెట్టి ఇంటికి వచ్చేదాన్ని. పెట్టె వెనకాల చిన్న బెజ్జం ఉంది. అందులో పిన్ను గుచ్చి పది సెకన్లు నొక్కితే పాస్‌వర్డు పోయి మొదటి స్థితికి వస్తుంది. దానికి లక్క పోసి సర్పంచి ముద్ర వేశారు. గాలి ఎంత దూరం పోతోందో నా ఫోనుతో నన్నే నడిపించి చూసి, ఆఫీసు చుట్టూ సున్నంతో గీత గీయించారు. గీత అప్పలనరసమ్మ గారి గేదెల శాల మధ్యలోంచి పోయింది. తన శాల ప్రభుత్వ సంకేతముల పరిధిలో ఏల ఉన్నదో మూడు దినములలో తెలుపవలసినదిగా ఆమెకు నోటీసు వెళ్ళింది. ఆమె రెండు గేదెల్నీ గీతకు అవతలి పక్క కట్టేసి, “సంకేతాలు తాగవు బాబూ, కుడితే తాగుతాయి,” అని జవాబు చెప్పింది. పరశురామ్ గారు దాన్ని సంజాయిషీగా స్వీకరించి ఫైలులో పెట్టారు.

నేను పీచు తీస్తూ కూర్చున్న ఆ సోమవారానికి తంతు మొదలై ఇరవై రోజులు. పెట్టె తెరుచుకున్నది మూడు సార్లు. మిగిలిన రోజుల్లో ఎక్కడో ఒక అక్షరం తప్పేది. ఆ మధ్యాహ్నమే పోస్టులో వదినకు కాగితం వచ్చింది.

నర్సు ట్రైనింగులో సీటు వచ్చింది. చేరుతున్నట్టు శనివారం సాయంత్రం అయిదు గంటల్లోపు వెబ్‌సైటులో ఒప్పుకోలు తెలపాలి. తెలపకపోతే సీటు తర్వాతి వారికి వెళ్తుంది. వదిన కాగితాన్ని మూడుసార్లు చదివి, తడి చెయ్యి చీరకు తుడుచుకుని నాలుగోసారి చదివింది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని నాతో ఆఫీసుకు వచ్చింది. పరశురామ్ గారు కూర్చోమన్నారు. మర్యాదలో ఆయనకు వంక పెట్టలేం.

“అమ్మా, మీరు ఏ కేటగిరీలో వాడుకోదలిచారు? స్థానికులా, అతిథులా?”

“స్థానికులమే సార్. గౌరునాయుడి భార్యని.”

“జన్మస్థలం?”

“బొండపేట.”

“అయితే అతిథి.”

“ఎనిమిదేళ్ళయింది సార్ కాపురానికొచ్చి. ఈ ఊళ్ళో ఓటుంది.”

“ఓటు విషయం వేరు, గాలి విషయం వేరు,” అన్నారాయన. “అతిథి వాడుకోవడానికి అభ్యంతరం లేదు. స్థానికుడొకరు పూచీకత్తు ఇవ్వాలి.”

“మా ఆయనే ఇస్తాడు.”

“వారు తాళపు బాధ్యులు. బాధ్యులు స్వంత కుటుంబానికి పూచీ ఉండరాదు. అది స్వప్రయోజనం కిందికి వస్తుంది.”

చివరికి అప్పలనరసమ్మ గారు వేలిముద్ర వేసింది. శాల సగం గీత లోపలే ఉంది కాబట్టి ఆమెను పూర్తి స్థానికురాలిగా పరిగణించవచ్చునా అన్నదానిపై ఒక గంట చర్చ జరిగింది. సాయంత్రం అయిదయింది. కంప్యూటరు మరిచిపోయే వేళ.

ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన నెమ్మదిగా అంది. “రేపు పొద్దున్న బస్సుకి టౌనుకెల్లి, నెట్ సెంటర్లో చేయించుకొచ్చీనా? గంటలో అయిపోతాది.”

అన్నయ్య ముద్ద కంచంలో పెట్టేశాడు. “ఊళ్ళో పెట్టె ఉన్నాది. అందులో మూడో తాళం నా దగ్గరున్నాది. నా పెళ్ళాం టౌనుకెల్లి ఎవడిదో నెట్టు అడుక్కుంటే ఊళ్ళో నా మొకం ఎక్కడ పెట్టుకోను? రేపు నానే తీసి ఇస్తాను. శనివారం దాకా టయముంది కాదేటి?”

టైము ఉంది. వదిన సరే అంది.

బుధవారం ముగ్గురూ వదిన కోసమే ప్రత్యేకంగా కూడారు. వరండాలో వదిన, నేను, పూచీదారు అప్పలనరసమ్మ గారు. మొదటిసారి తెరుచుకోలేదు. రెండోసారి తెరుచుకోలేదు. కొట్టిన అక్షరాలు తెర మీద చుక్కలుగానే కనబడతాయి కాబట్టి తప్పు ఎవరిదో ఎవరికీ తెలియదు. మూడోసారి కూడా తెరుచుకోకపోయేసరికి లోపల గొంతులు పెరిగాయి.

“నా నాలుగూ అమ్మోరి సాచ్చిగా సరైనయ్యే,” సర్పంచి గొంతు.

“నా భాగం నిబంధనలకు లోబడే ఉంది,” కార్యదర్శి గొంతు.

“అంటే నాదా? నాదేనంటారేటి?” మా అన్నయ్య గొంతు. అడిగిన తీరుకే నాకు అర్థమైంది.

“ఎవరిదో తేలాలంటే ముగ్గురూ బయటకు చెప్పాలి,” అన్నారు పరశురామ్ గారు. “చెబితే గోప్యతకు భంగం. కావున తప్పు ఎవరిదీ కాదు. యంత్రానిది.”

యంత్రం రాతపూర్వకంగా బదులివ్వలేదు కాబట్టి మెమో నాకు వచ్చింది. “యంత్రము తరఫున చింతిస్తున్నాను. ఇకముందు అది జాగ్రత్త వహించగలదు,” అని రాసి ఇచ్చాను. వరండాలో అప్పలనరసమ్మ గారు వదిన చెయ్యి పట్టుకుని, “నీ మొగుడు చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఇలగే, నాలుగో ఎక్కం దగ్గరే ఆగిపోయీవోడమ్మా,” అంది. వదిన నవ్వింది కానీ చేతిలో కాగితం మడత మీద మడత పడి చాలా చిన్నదైపోయింది.

గురువారం పాస్‌వర్డు మార్చాలని తీర్మానించారు. లక్క ముద్ర పగలగొట్టారు. పిన్ను గుచ్చారు. పది సెకన్లలో పెట్టె ఒక్కసారిగా తాళమేదీ లేని స్థితికి వచ్చింది. వీధిలో ఉన్న ఫోనులన్నీ ఒక్క పెట్టున మోగాయి. ఇరవై రోజుల పలకరింపులు ఒకేసారి వచ్చిపడ్డాయి. గుమ్మాల్లో కూర్చున్నవాళ్ళు ఉలిక్కిపడి లేచారు.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తాను. వదిన బట్టలుతకడానికి గెడ్డకు వెళ్ళింది. గెడ్డకు పరుగెత్తాను. వదిన మోకాళ్ళ లోతు నీళ్ళలో దుప్పటి పిండుతోంది. నన్ను చూడగానే దుప్పటిని రాయి మీద వదిలేసి చీర ఎగ్గట్టి నా ముందే పరుగు తీసింది. సున్నపు గీత దాటేసరికి లోపల వాసన వస్తోంది. లక్క కరిగించిన వాసన. సర్పంచి చిన్నాన్న ముద్రను ఊదుతూ బయటికి వచ్చాడు.

“ఏటమ్మా, తడిబట్టల్తో వచ్చీసినారు?”

“ఒక్క నిమిషం తియ్యండి మావయ్యా. ఒక్క నిమిషం చాలు.”

“ఇప్పుడే కదమ్మా ముద్రేసినాం. ఈ లక్క ఆరాల.”

కొత్త పాస్‌వర్డు తీర్మానాన్ని చట్ట ప్రకారం నోటీసు బోర్డులో అంటించారు. “పాస్‌వర్డు మార్చబడినది. కొత్త పాస్‌వర్డు” అని రాసి, ఆ తర్వాత ఖాళీ వదిలి, కింద “పై ఖాళీ సరైనదేనని ధ్రువీకరించడమైనది” అని ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళు కొందరు వచ్చి ఆ ఖాళీని చదివి వెళ్ళారు.

కొత్త నాలుగక్షరాలతో అన్నయ్యకు పాత నాలుగు కలిసిపోయాయి. నూతి గట్టు దగ్గర ఇప్పుడు రెండు చేతుల వేళ్ళూ మడుస్తున్నాడు.

శుక్రవారం సాయంత్రం అన్నయ్య ఇంటికి వచ్చేటప్పుడు వీధి మొదట్లోంచే గట్టిగా పిలుచుకుంటూ వచ్చాడు. చేతిలో డివిజను ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం నకలు. వాకిట్లో నిలబడి వదినకూ నాకూ చదివి వినిపించాడు. ఎక్కడ ఆగాలో తెలియక ఎక్కడా ఆగకుండా చదివాడు.

గత ఇరవై నాలుగు దినములలో జిల్లాలోని తక్కిన పంచాయతీలన్నింటిలో ఏదో ఒక అనధికార వినియోగము నమోదు కాగా, చినగెడ్డవలస నుండి ఎట్టి చొరబాటు గాని, ఎట్టి లోపము గాని, ఎట్టి వినియోగము గాని దాదాపుగా లేనందున, సదరు పంచాయతీని మాదిరి పంచాయతీగా ఎంపిక చేయడమైనది. డివిజను వైర్‌లెస్ భద్రతాధికారి శనివారం ఉదయం స్వయంగా విచ్చేసి ముగ్గురు బాధ్యులను శాలువలతో సత్కరించెదరు. అంతకు ముందు గోప్యాక్షర ఉచ్చారణ పరీక్ష జరుగును. అధికారి రెండు చెవులలో దూది పెట్టుకొని ఉండగా, ఒక్కొక్క బాధ్యుడు తన అక్షరములను బిగ్గరగా పలుకవలెను. పెదవుల కదలిక తృప్తికరముగా ఉన్నచో ఉత్తీర్ణులు.

“శాలువ!” అన్నాడు అన్నయ్య. “కింద వీధిలో ఇంతవరకూ ఎవడికైనా కప్పినారేటి?”

“కింద ఇంకా ఉంది అన్నియ్యా,” అన్నాను. నాకు టైపు చేసిన కాగితాల అడుగు చూసే అలవాటు.

అన్నయ్య అడుగు భాగం చదివాడు. ఈసారి నెమ్మదిగా చదివాడు. మాదిరి పంచాయతీ రికార్డు చెదరకుండు నిమిత్తము, శనివారము నుండి తదుపరి ఉత్తర్వుల వరకు సదరు పెట్టెను ఎట్టి పరిస్థితులలోను తెరువరాదు.

చదవడం అయిపోయినా కాగితం వైపే చూస్తూ నిలబడ్డాడు. వదిన పొయ్యి ముందు నుంచి లేచి వచ్చింది. ఆమెకు కోపం వచ్చినట్టు కనబడలేదు. అదే అన్నయ్యకు ఇబ్బందయింది.

“ఒక్క మాటడుగుతాను,” అంది. “ఆ నాలుగక్షరాలూ ఎవరికి తెలీకూడదని దాస్తన్నావు?”

“అదేటి మాట? ఎవరికీ తెలీకూడదు.”

“ఎవరికీ అంటే ఎవరికి? దొంగలెవరైనా ఉన్నారా?”

“మనూళ్ళో దొంగలెవలుంటారే?”

“మరి?”

అన్నయ్య నావైపు చూశాడు, సర్క్యులరులో ఎక్కడైనా ఉందా అన్నట్టు. సర్క్యులరులో లేదు. అనుబంధంలో ఉందేమో తెలియదు. అనుబంధం ఇంతవరకూ రాలేదు.

“నీ నుంచే కదా దాస్తన్నాను,” అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. చెప్పాక ఆయనకే అది ఎలాగో వినిపించినట్టుంది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, అన్నం తినకుండా మంచం వాల్చుకున్నాడు.

శనివారం ఏడు గంటలకే వీధిలో సందడి. పంచాయతీ ఆఫీసుకు మామిడాకులు కట్టారు. పెట్టెకు బంతిపూల దండ వేస్తే దీపాలు కనబడటం లేదని తీసి మళ్ళీ పొట్టిగా వేశారు. అన్నయ్య తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుని తొడుక్కున్నాడు. అద్దం ముందు ఒకసారి భుజాలు వంచి చూసుకున్నాడు, శాలువ పడేటప్పుడు ఎంత వంగాలో. పెదవులు మాత్రం కదపలేదు.

వదిన స్నానం చేసి, జడ వేసుకుని, ఇంటరు సర్టిఫికెట్టూ సీటు కాగితమూ ఉన్న అట్ట ఫైలు తీసుకుని నడవలోకి వచ్చింది. ఎనిమిదిన్నరకు టౌను బస్సు. పది గంటలకల్లా టౌనులో ఉంటుంది. సాయంత్రం అయిదు దాకా టైముంది. ఇవన్నీ ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అందరికీ తెలిసినవే.

అన్నయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. కావాలని కాదు, అద్దం అక్కడుంది. వదిన ఆగింది. మొకం ఎక్కడ పెట్టుకోను అన్న మాట ఇప్పుడు వస్తుందనుకున్నాను. వదిన కూడా అదే అనుకుందేమో, ఫైలును గుండెకు దగ్గరగా పట్టుకుంది.

అప్పుడే సర్పంచి చిన్నాన్న వాకిట్లోకి వచ్చేశాడు. పట్టు కండువా, కొత్త చెప్పులు.

“ఏటింకా ఇంట్లోనే ఉన్నావు గౌరునాయుడూ! అధికారి కారు కొండ మలుపు దాటీసిందంట. దూది కూడా తెచ్చినాం, రెండు చెవులకీ. కార్యదర్శి గారు కంగారు పడిపోతన్నారు. ముగ్గురం ఉండాలి, ఒకలు తగ్గినా పరీచ్చ జరగదు.”

అన్నయ్య ఆయన వైపు చూశాడు. తర్వాత వదిన చేతిలోని ఫైలు వైపు చూశాడు. దాని ఒక మూల చిరిగి, లోపలి కాగితం అంచు బయటికి కనబడుతోంది. ముప్పై రెండు మడతలు పడ్డ అంచు.

చెయ్యి చాపి ఆ ఫైలు తీసుకున్నాడు.

పైన అటక మీద పెట్టేస్తాడనుకున్నాను. అన్నయ్య చిరిగిన మూలను లోపలికి నొక్కి, కాగితం జారకుండా ఫైలును చంకలో పెట్టుకుని, గుమ్మంలోంచి పక్కకు తప్పుకున్నాడు. వదిన ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, గడప దాటి, చెప్పులు వేసుకుని, సర్పంచి చిన్నాన్నకు నమస్కారం పెట్టి బస్సు రోడ్డు వైపు నడిచింది. ఆమె వెనకే అన్నయ్య మెట్లు దిగాడు.

“ఆఫీసు ఇటు కదురా!” అన్నాడు చిన్నాన్న. “గౌరునాయుడూ! ఓరి, శాలువరా! పోనీ, ఆ నాలుగచ్చరాలైనా నాకు సెప్పి పో!”

అన్నయ్య ఇస్త్రీ చొక్కా వీపు మీద అప్పుడే చెమట పడుతోంది. వదిన అడుగులు పెద్దవి, ఆమెను అందుకోవాలని ఆయన కాస్త పరుగులాంటి నడకతో మలుపు తిరిగిపోయాడు.